మళ్లీ ఆడొచ్చని ఎవరు చెప్పాలి?

మార్చి నెల వచ్చిందంటే అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ సందడే సందడి. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలూ తమ కాలేజీ రంగు టీషర్టులు వేసుకుని టీవీల ముందు చేరతారు. ఆ ఆటల్లో కెమెరా ఆటగాళ్లతో పాటు గీత పక్కన అటూ ఇటూ తిరుగుతూ కేకలేసే కోచ్‌నీ పదేపదే చూపిస్తుంది. ఎవరిని దింపాలి, ఎవరిని కూర్చోబెట్టాలి, ఏ ఎత్తు వేయాలి అన్నది ఆయన నిర్ణయం. బంతి చేతికొచ్చాక 30 సెకన్లలో దాన్ని బుట్ట వైపు విసరాల్సింది మాత్రం ఇరవై ఏళ్ల కుర్రాళ్లు.

ఆటను ఆపే హక్కును కూడా ఇద్దరికీ పంచారు. పురుషుల కాలేజీ పోటీల్లో 2015-16 సీజన్ నుంచి, బంతి ఆటలో ఉండగా టైమౌట్ అడిగే వీలు కోర్టులో ఉన్న ఆటగాళ్లకే ఇచ్చారు. 2019-20 నుంచి ఆఖరి రెండు నిమిషాల్లో కోచ్‌కీ ఆ అవకాశం కల్పించారు. ఎత్తుగడల విషయంలో ఈ పంపకం బాగుంది. మరి ఆరోగ్యం విషయంలో? ఒంట్లో తేడా కనిపిస్తే ఆట ఆపమని ఎవరైనా అనొచ్చు. కానీ మళ్లీ ఆడొచ్చని చెప్పే అధికారం కోచ్‌కీ ఉండకూడదు, ఆటగాడికీ ఉండకూడదు. అది డాక్టర్‌కే ఉండాలన్నది నా అభిప్రాయం.

ఎందుకో చెప్పడానికి హాంక్ గాథర్స్ కథ చాలు. లాస్ ఏంజెలెస్‌లోని లయోలా మేరీమౌంట్ విశ్వవిద్యాలయం ఆటగాడు. 1988-89 సీజన్‌లో పాయింట్లలోనూ, రీబౌండ్లలోనూ దేశంలోనే మొదటివాడు. 1989 డిసెంబరులో ఆడుతూ ఆడుతూ పడిపోయాడు. పరీక్షల్లో గుండె లయ తప్పుతోందని తేలింది. మందు మొదలుపెట్టారు. కొన్ని వారాలకే మళ్లీ కోర్టులోకి దిగాడు. మందు వల్ల చురుకు తగ్గుతోందని అతడికి అనిపించింది. మోతాదు తగ్గించారు. 1990 మార్చి 4న బంతిని బుట్టలో బలంగా దించిన కొద్ది క్షణాలకే కుప్పకూలాడు. అప్పటికి వయసు 23. ఆసుపత్రికి తీసుకెళ్లినా ప్రాణం దక్కలేదు.

ఇందులో ఎవరినో దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. మనిషి స్వభావాన్ని గమనించమంటున్నాను. ఆటగాడికి ఆ వయసులో ఆటే సర్వస్వం. స్కాలర్‌షిప్ దాని మీదే, రేపటి ఉద్యోగం దాని మీదే. కళ్లు తిరుగుతున్నాయని చెబితే బెంచి మీద కూర్చోబెడతారని భయం. అందుకే దాచేస్తాడు. కోచ్ ఎంత మంచివాడైనా ఆయన ఉద్యోగం గెలుపోటముల మీద నిలుస్తుంది. ఇద్దరికీ గెలుపే కావాల్సినప్పుడు, గెలుపుతో పని లేని మూడో మనిషి ఒకరు పక్కన ఉండి తీరాలి.

అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ ఈ సంగతి గుర్తించింది. ఆటగాడిని ఆపాలా, మళ్లీ ఆడనివ్వాలా అన్న వైద్య నిర్ణయం జట్టు డాక్టర్, అథ్లెటిక్ ట్రైనర్లదేనని, కోచ్ దాన్ని తోసిపుచ్చడానికి వీల్లేదని నిబంధన పెట్టింది. దాని అవసరం అక్కడి లెక్కలే చెబుతాయి. 2003 నుంచి పదేళ్ల మరణాలను పరిశీలించిన ఓ అధ్యయనంలో, కాలేజీ క్రీడాకారులందరిలో ఏడాదికి సుమారు 54 వేల మందిలో ఒకరు గుండె ఆగి హఠాత్తుగా చనిపోతున్నట్లు తేలింది. పురుషుల బాస్కెట్‌బాల్‌లో అది సుమారు 9 వేల మందిలో ఒకరు.

సిద్ధంగా ఉంటే ఫలితం ఎలా ఉంటుందో 2023 జులైలో చూశాం. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సాధన చేస్తుండగా 18 ఏళ్ల బ్రానీ జేమ్స్ గుండె ఆగింది. అక్కడి వైద్య సిబ్బంది క్షణాల్లో స్పందించడంతో బతికాడు. పుట్టుకతో వచ్చిన గుండె లోపమని తేలింది. చికిత్స తర్వాత, డాక్టర్లు సరేనన్నాకే, అదే ఏడాది డిసెంబరులో మళ్లీ ఆడాడు. ఫ్లోరిడా ఆటగాడు కియాంటే జాన్సన్ 2020 డిసెంబరులో కోర్టులోనే పడిపోయి, దాదాపు రెండేళ్లు పోటీలకు దూరమయ్యాడు. తర్వాత వైద్యుల అనుమతితో కాన్సస్ స్టేట్ తరఫున ఆడి, 2023లో ఆ జట్టును జాతీయ టోర్నీలో చివరి ఎనిమిది జట్లలో నిలిపాడు. ఆగడమంటే ఆట ముగిసిపోవడం కాదని ఈ ఇద్దరూ చూపించారు.

ఇప్పుడు మన ఇంటి సంగతికొద్దాం. మన కాలేజీల్లో చాలాచోట్ల పీడీ సారే కోచ్, ఆయనే మేనేజర్, ప్రథమచికిత్స పెట్టె తాళంచెవీ ఆయన దగ్గరే. ఆ మూడో మనిషి లేడు. కాబట్టి కొంతవరకు ఆ పాత్ర తల్లిదండ్రులే పోషించాలి. మార్కులెన్నని అడిగినట్టే, ‘పరిగెడుతుంటే ఎప్పుడైనా ఛాతీలో నొప్పి వచ్చిందా, గుండె దడదడలాడిందా, కళ్లు బైర్లు కమ్మాయా?’ అని అడగండి. ఆట మధ్యలో స్పృహ తప్పిందంటే ఎండదెబ్బని, తిండి సరిగా తినలేదని సరిపెట్టుకోకండి. దగ్గరి బంధువుల్లో ఎవరైనా 50 ఏళ్లలోపే గుండె జబ్బుతో గానీ, కారణం తెలియకుండా గానీ హఠాత్తుగా చనిపోయి ఉంటే ఆ మాట డాక్టర్‌కు తప్పక చెప్పండి. ఈసీజీ, ఎకో అవసరమో కాదో ఆయన చూసుకుంటారు. అప్పటిదాకా ఆట వద్దు.

కాలేజీ వాళ్లనీ ఒక మాట అడగండి: గుండెకు షాకిచ్చే ఏఈడీ పరికరం ఉందా? ఛాతీ నొక్కడం ఎవరికి వచ్చు? గుండె ఆగి పడిపోతే గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. 108కి ఫోన్ చేయడం, అంబులెన్స్ వచ్చేదాకా నిమిషానికి 100-120 సార్లు ఛాతీని గట్టిగా నొక్కడం పీడీ సార్‌కే కాదు, జట్టులోని ప్రతి పిల్లవాడికీ వచ్చి ఉండాలి.

పిల్లల్ని ఆటలు మాన్పించమని ఇదంతా చెప్పడం లేదు. ఆడనివ్వండి, చెమట పట్టనివ్వండి. ఒంట్లో బాగోలేదని చెబితే జట్టులో చోటు పోతుందన్న భయం మాత్రం వాళ్లకు లేకుండా చూడండి. ఆ ధైర్యం ముందుగా ఇంట్లో దొరకాలి.