చెయ్యేటి లోయ చెప్పే పాఠం: గ్రామ చరిత్ర కూడా క్షేత్ర సమాచారమే

వ్యవసాయ విస్తరణలో మనం ఒక గ్రామాన్ని పరిచయం చేసుకొనే తీరు దాదాపు అన్ని చోట్లా ఒక్కటే. సాగు విస్తీర్ణం, నేల రకం, వర్షపాతం, బోరుబావుల సంఖ్య, ప్రధాన పంటలు, రైతు కుటుంబాల సంఖ్య – ఈ పట్టిక నిండగానే ఆ గ్రామం మనకు తెలిసినట్లే భావిస్తాం. ఆ ఊరు అక్కడే ఎందుకు వెలసింది? ఏటికి ఎంత దూరాన, ఏ ఎత్తున తొలి ఇళ్ళు కట్టుకొన్నారు? ఏ పొలానికి ఏ పేరు ఎందుకు వచ్చింది? నీటి విషయంలో పై ఊరికీ కింది ఊరికీ ఉన్న ఒడంబడిక ఏమిటి? ఈ ప్రశ్నలకు మన పట్టికలో గడి లేదు. ఇవి చరిత్రకారులకు సంబంధించినవని పక్కన పెడుతున్నాం. చిన్న ఏటి లోయలలో ఇవి వ్యవసాయ శాస్త్రానికి సంబంధించిన ప్రశ్నలేననీ, వీటికి సమాధానాలు సేకరించకుండా ఇచ్చే సిఫారసు అసంపూర్ణమేననీ ఈ వ్యాసంలో నా వాదన. ఇందుకు ఉదాహరణగా పెన్నానదికి ఉపనది అయిన చెయ్యేటి లోయను తీసుకొంటున్నాను.

లోయ స్వరూపం

పెన్నానది కర్ణాటకలోని నంది కొండలలో పుట్టి, 597 కిలోమీటర్లు ప్రవహించి, నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతంలో కలుస్తుంది. దాని పరీవాహక ప్రాంతం సుమారు 55 వేల చదరపు కిలోమీటర్లు. ఎడమ వైపున జయమంగళి, కుందేరు, సగిలేరు, కుడి వైపున చిత్రావతి, పాపఘ్ని, చెయ్యేరు ఇందులో కలుస్తాయి. పెన్నను గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా పెద్ద జలాశయాలను, పెద్ద ఆయకట్టులను ప్రస్తావిస్తాం. కాని రాయలసీమ పల్లెలలో అధిక భాగం బతుకు సాగినది ఈ ఉపనదుల ఒడ్డునే.

చెయ్యేరుకు నీరు పడమటి మెట్ట భూముల నుండి బాహుద, పించ, మాండవి ఏళ్ళ ద్వారా చేరుతుంది. ఆ తరువాత ఏరు శేషాచలం, పాలకొండల నడుమ దారి చేసుకొని రాజంపేట, నందలూరు ప్రాంతపు మైదానంలోకి దిగుతుంది. ఇరుకైన కొండ దారి నుండి ఒక్కసారిగా విశాలమైన మైదానంలోకి వచ్చే ఏరు తన వెంట తెచ్చిన ఇసుకను, ఒండ్రును అక్కడ దింపుతుంది. అప్పుడప్పుడు దారి కూడా మార్చుకొంటుంది. ఈ లోయ సారానికీ, ప్రమాదానికీ మూలం ఒక్కటే. తోటలకు ప్రాణమైన ఒండ్రు నేల, అదే తోటలను కప్పివేసే ఇసుక మేట – రెండూ ఒకే ఏటి పనులు.

ఈ ఒడ్డున మానవ నివాసం చాలా పాతది. నందలూరు సమీపంలోని ఆడపూరు వద్ద బౌద్ధ అవశేషాలు బయటపడినాయి. నందలూరు సౌమ్యనాథాలయం, అన్నమాచార్యుల జన్మస్థలమైన తాళ్ళపాక ఈ లోయలోనివే. ఏటి పేరుకు చెప్పే కథ కూడా గమనింపదగినదే. అన్నగారి తోటలో అనుమతి లేకుండా పండు కోసినందుకు చేతులు పోగొట్టుకొన్న లిఖితుడు ఈ నీటిలో మునిగి తిరిగి చేతులు పొందినాడని ఐతిహ్యం. ఏటి ఒడ్డు తోటలు, వాటి హక్కులు, ఆ హక్కును మీరితే శిక్ష – పురాణ కథలో కూడా విషయం అదే.

ఊట కాలువ: ఒక సాంకేతికత, ఒక ఒప్పందం

వేసవిలో చెయ్యేరు పైకి ఎండిపోయినట్లు కనిపించినా, ఇసుక కింద నీరు నెమ్మదిగా కదులుతూనే ఉంటుంది. ఈ అడుగు ప్రవాహాన్ని పొలానికి మళ్ళించడానికి పెన్న, పాపఘ్ని, చెయ్యేటి ఒడ్డు గ్రామాలవారు ఊట కాలువలు తవ్వుకొన్నారు. ఏటి ఇసుకలో ఎగువ దిశగా ఏటవాలుగా లోతైన కాలువ తీస్తారు. దాని వాలు ఏటి వాలు కంటే తక్కువగా ఉంచుతారు. అందువల్ల కొంత దూరం నడిచేసరికి కాలువ నీరు ఒడ్డు మట్టానికి చేరి, ఏ యంత్రమూ లేకుండా మడులకు పారుతుంది. ఆనకట్ట అవసరం లేదు. ముంపు లేదు. ఎత్తిపోత ఖర్చు లేదు.

అయితే వరద వచ్చిన ప్రతిసారీ కాలువ ఇసుకతో పూడిపోతుంది. దానిని మళ్ళీ తీయాలి. ఆ పనికి ఆయకట్టుదారులు తమ భూమి ప్రకారం మనుషులను పంపేవారు. నీటిని వంతుల వారీగా పంచేందుకు నీరుగంటి ఉండేవాడు. ఎగువ గ్రామం కాలువ తల ఎక్కడ పెట్టుకోవాలి, దిగువ గ్రామం ఎంత దూరంలో పెట్టుకోవాలి అన్నది ఊళ్ళ మధ్య ఒప్పందంపై ఆధారపడేది. చెరువులు, కాలువలు కట్టించినవారికి, మరమ్మతు చేయించేవారికి దశబంధం ఇనాములుగా భూములు ఇచ్చే పద్ధతి ఈ సీమలో విరివిగా ఉండేది. కనుక ఊట కాలువ కేవలం మట్టి పని కాదు. అది ఏటేటా కొత్తగా రాసుకొనే ఒప్పందం వంటిది.

ఈ ఏర్పాటు బలహీనపడడానికి కారణాలు అనేకం. ఎగువన నిల్వ కట్టడాలు వచ్చినాయి. ఏటి ఇసుక నిర్మాణాలకు తరలిపోయింది. ఇసుక పొర పలుచబడితే అందులో నిలిచే నీరూ తగ్గుతుంది. విద్యుత్తు, బోరుబావులు వచ్చిన తరువాత ప్రతి రైతూ తన పొలంలోనే నీరు వెదుక్కొన్నాడు. ఏటా కలిసి కాలువ తీసే అవసరం పోయింది. కాని ఒడ్డు బోరులలోకి ఊరే నీటిలో చాలా భాగం ఏటి ఇసుకలోని నీరే. మూలం ఉమ్మడిదిగానే ఉండిపోగా, దానిని పంచుకొనే ఒడంబడిక మాత్రం లేకుండా పోయింది. ఒక గ్రామంలో బోరు ఎందుకు ఎండిందో ఆ గ్రామపు పట్టికలో వెదికితే దొరకదు. ఏటి వెంట పైకి నడవాలి.

రాతిలో, కాగితంలో మిగిలిన సమాచారం

ఇటువంటి జ్ఞానం కేవలం వాడుకలోనే ఉండి అంతరించిందనుకోవడం పొరపాటు. చెయ్యేరు లాగే పెన్నలో కలిసే సగిలేటి లోయలో పోరుమామిళ్ళ చెరువు ఉన్నది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దీనిని కట్టించి 1369లో శాసనం వేయించినాడు. ప్రతి దినమూ వేయిమంది కూలీలు, రాయి తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ళ కాలం పట్టిందని అందులో ఉన్నది. విస్తరణ శాస్త్రవేత్తకు అంతకంటే విలువైన అంశం మరొకటి ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను శాసనం లెక్కించి చెబుతుంది. గట్టు నుండి నీరు కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు మధ్య మిట్ట, నీరు తక్కువై భూమి ఎక్కువ కావడం, నీరు ఎక్కువై స్థలం తక్కువ కావడం – ఇవి ఆ దోషాలు. ఆరింటిలో ఒకటి పాలనకు సంబంధించినదని గమనించాలి. ఒక నీటి వనరును రెండు అధికారాల మధ్య చీల్చితే అది నిలువదని, నేల చవుడుతో సమానమైన దోషంగా దానిని ఎంచినారు.

కాగితంలో మిగిలినవి కైఫీయతులు. 1800లో దత్తమండలాలు కుంపిణీ పాలనలోకి వచ్చిన తరువాత కల్నల్ కాలిన్ మెకంజీ తన సహాయకుల ద్వారా గ్రామ గ్రామాన కరణాల వద్ద నుండి స్థానిక వృత్తాంతాలు రాయించినాడు. ఆ తరువాత సి.పి. బ్రౌన్ వాటికి ప్రతులు తయారు చేయించినాడు. కడప ప్రాంతపు కైఫీయతులు కడపలోని బ్రౌన్ పరిశోధన కేంద్రం ద్వారా సంపుటాలుగా అచ్చయినాయి. ఊరి పుట్టుక, పొలిమేరలు, గుడులు, ఇనాములతో పాటు చెరువులు, కాలువలు ఎవరు కట్టించినారో వీటిలో కనిపిస్తుంది. ఐతిహ్యాన్నీ వాస్తవాన్నీ విడదీసి చదువుకోవలసిందే; అయినా రెండు వందల ఏళ్ళ కిందటి భూవినియోగానికి ఇంతటి ఆధారం మరొకటి దొరకడం కష్టం. వీటిని సాహిత్య, చరిత్ర విద్యార్థులు చదువుతున్నారు. వ్యవసాయ విద్యార్థులు చదవడం అరుదు.

2021 వరద తరువాత

2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి నాటి తెల్లవారుజామున వచ్చిన వరద ఈ లోయకు మరువరాని గాయం. ఎగువన పించ కట్ట తెగింది. దాని వెనుకే, కొండల నడుమ కట్టిన అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకొనిపోయింది. దిగువన పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు వంటి గ్రామాలు నీటి పాలైనాయి. ప్రాణాలు పోయినాయి. పశువులు, ఇళ్ళు, తోటలు పోయినాయి. మిగిలిన పొలాలపై ఇసుక మేట వేసింది. నీరు ఎక్కువై స్థలం తక్కువ కావడం అని శాసనం చెప్పిన దోషం ఎటువంటిదో ఆ తెల్లవారుజామున కళ్ళకు కట్టింది.

మేట వేసిన పొలాలకు మన సిఫారసు తెలిసినదే. పొర పలుచగా ఉంటే లోతు దుక్కి చేసి కింది మట్టితో కలపడం, చెరువు మట్టి, పశువుల ఎరువు వేయడం, జీలుగ, జనుము వంటి పచ్చిరొట్ట పెంచడం; పొర మందంగా ఉంటే ఇసుక తొలగించడం; తొలగించలేని చోట గుంతలలో మట్టి, ఎరువు నింపి దోస, పుచ్చ వంటి తీగ పంటలు వేయడం. ఇవి సరైన సూచనలే. కాని వీటికి ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఈ మేట ఈ ఒక్క వరదకు పడినదా, లేక ఏరు తన పాత దారిని మళ్ళీ పట్టిందా? మొదటిదైతే ఇసుక తీసివేసి తోట వేసుకోమనవచ్చు. రెండవదైతే పదేళ్ళు ఫలించే తోటకు అప్పు చేయమని చెప్పడం రైతుకు ద్రోహమే. అక్కడ ఏడాదిలోపు చేతికి వచ్చే పంటే క్షేమం.

ఈ తేడా చెప్పగలిగే ఆధారాలు మూడు. ఒకటి, నేల గుంత. గోడలో ఇసుక, ఒండ్రు పొరలు ఒకదానిపై ఒకటి కనిపిస్తే అక్కడికి ఏరు పలుమార్లు వచ్చినట్లే. రెండు, పొలాల పేర్లు. పాత ఏరు, ఇసుక చేను, గండి, మేట అన్న అర్థాలు వచ్చే పేర్లు వట్టి పేర్లు కావు. అవి తాతల నాటి వరద నివేదికలు. మూడు, పాత గుడి, పాత ఊరు ఉన్న ఎత్తు. పూర్వులు ఎక్కడ ఇళ్ళు కట్టలేదో చూడడం, ఎక్కడ కట్టినారో చూడడమంత ముఖ్యం. మొదటి ఆధారాన్ని మనం చదవగలం. మిగిలిన రెండింటిని మనలో చాలామంది అడగనే అడగరు.

ఒక అభ్యంతరం

గతాన్ని కీర్తిస్తూ పోతే వర్తమాన సమస్యలు తీరుతాయా అని అడగవచ్చు. ఊట కాలువల కాలం స్వర్ణయుగం కాదు. కాలువ తల దగ్గరి మంచి భూములు కొద్ది కులాల చేతిలోనే ఉండేవి. రాత్రింబవళ్ళు నీరు కాచిన నీరుగంటి కుటుంబాలు చాలా చోట్ల దళితులవే. వారికి దక్కినది కొద్ది మాన్యం, కళ్ళంలో కొన్ని గింజలు. ఆ వ్యవస్థను తిరిగి తేవాలని నేను కోరడం లేదు. బిందు సేద్యం వచ్చిన కాలంలో అది సాధ్యమూ కాదు. నీటి వంతు ఎలా నడిచిందో, ఎవరికి అన్యాయం జరిగిందో కూడా తెలుసుకొన్నప్పుడే రేపటి ఒప్పందం న్యాయంగా రాసుకోగలం.

వాటర్‌షెడ్ పథకాలు ఈ పనే చేస్తున్నాయి కదా అన్నది రెండవ మాట. 1994 నాటి హనుమంతరావు కమిటీ సిఫారసుల తరువాత సుమారు 500 హెక్టార్లను ఒక యూనిట్‌గా తీసుకొని పనులు సాగినాయి. తరువాతి మార్గదర్శకాలు ఆ విస్తీర్ణాన్ని పెంచినాయి. నీటి హద్దును గ్రామ హద్దు కంటే ముందుంచడం గొప్ప మార్పే. కాని వాగు తలలో చేసే పనికీ, ఇరవై కిలోమీటర్ల దిగువన ఏటి ఒడ్డు తోటకూ గల సంబంధాన్ని ఆ యూనిట్ చూపలేదు. చెయ్యేటి లోయకు పైన పించ, నడుమ అన్నమయ్య ప్రాజెక్టు, కింద పెన్నపై కట్టిన సోమశిల జలాశయపు వెనుక జలాలు. సోమశిల కింద కడప సీమ గ్రామాలు అనేకం మునిగినాయి. ఈ మూడింటి నడుమ బతికే పల్లెలను ఒక్కొక్కటిగా చూస్తే ఏ ఒక్కటీ అర్థం కాదు. జిల్లాల, మండలాల హద్దులు పరిపాలన కోసం మారుతూ ఉంటాయి. ఏటి హద్దు వాటిని పాటించదు.

చేయవలసినవి

1. గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ కార్యక్రమంలో విద్యార్థులను విడివిడి గ్రామాలకు కాక, ఒకే ఏటి వెంట ఎగువ, మధ్య, దిగువ గ్రామాలకు పంపాలి. చివరి వారంలో మూడు బృందాలు ఒకచోట కూర్చుని తమ పటాలను కలపాలి.

2. భాగస్వామ్య గ్రామీణ విశ్లేషణలో రాసే కాలరేఖలో బడి, రోడ్డు, కరెంటు వచ్చిన సంవత్సరాలతో ఆగకూడదు. వరదలు, కరవులు, ఊట కాలువ ఆగిన ఏడు, తొలి బోరు వేసిన ఏడు, ఇసుక తరలింపు మొదలైన ఏడు తప్పక ఉండాలి.

3. పొలాల పేర్లను సర్వే నంబర్లతో జతచేసి నమోదు చేయాలి. ఈ పేర్లు తెలిసిన తరం వయసు మీరింది. భూమి లావాదేవీలన్నీ నంబర్లతోనే జరుగుతున్నందున కొత్త తరానికి అవి అందడం లేదు.

4. ఈ సమాచారాన్ని అడిగేటప్పుడు ఊరి పెద్ద రైతుల వద్దనే ఆగకుండా నీరుగంటి కుటుంబాలను, కౌలుదారులను, పశువుల కాపరులను, ఏటి చెలమల నుండి నీరు తెచ్చుకొన్న స్త్రీలను అడగాలి. ఏటి గుణం వారికి తెలిసినంతగా మరొకరికి తెలియదు.

5. ప్రతి కృషి విజ్ఞాన కేంద్రం తన పరిధిలోని ఒక్క చిన్న ఏటికైనా ఇటువంటి లోయ కైఫీయతు తయారుచేసి, దానిని నేల పటంతో పాటు ఉంచి, సిఫారసు ఇచ్చే ముందు చూడాలి.

వీటిలో దేనికీ పెద్ద నిధులు అవసరం లేదు. కావలసినది నడక, ఓపిక, రాసుకొనే అలవాటు. రెండు శతాబ్దాల కిందట మెకంజీ సహాయకులు కాలినడకన చేసిన పని అది. వారు పాలకుల అవసరానికి రాసినారు. మనం రైతు అవసరానికి రాయాలి. మేట వేసిన పొలం గట్టున నిలబడి ఇక్కడ మళ్ళీ చీనీ తోట వేయవచ్చునా అని అడిగే రైతుకు నిజాయితీగా సమాధానం చెప్పాలంటే నేల పరీక్ష ఫలితం ఒక్కటే చాలదు. ఆ నేలకు ఏరు ఎన్నిసార్లు వచ్చిపోయిందో కూడా మనకు తెలిసి ఉండాలి.