వినకుండా రాసిన తీర్పు

కిందటి సంవత్సరం మా కాలేజీ వార్షికోత్సవానికి ముందు ప్రిన్సిపాలుగారి బల్ల మీదికి రెండు మహజర్లు వచ్చాయి. మా విద్యార్థులు నలుగురు కలిసి కట్టుకున్న ఒక బృందం ఆ ఉత్సవంలో డెత్ మెటల్ అనే సంగీతం వాయిస్తామని అనుమతి అడిగింది. అనుమతి ఇవ్వవద్దన్నదే రెండు మహజర్ల సారాంశం. మొదటిది భారతీయ సంస్కృతిని కాపాడే భారం తమ భుజాల మీద వేసుకున్న పెద్దలది. రెండోది మాది. మాది అంటే అభ్యుదయ భావాలు గల అధ్యాపకులది. దాన్ని రాసినవాణ్ణి నేనే. వారి కాగితంలో "పాశ్చాత్య విష సంస్కృతి" అని ఉన్నచోట మా కాగితంలో "సామ్రాజ్యవాద క్షీణ సంస్కృతి" అని ఉంది. ప్రిన్సిపాలుగారు రెండూ చదివి, కళ్ళజోడు తీసి, "ఈ ఒక్క విషయంలోనైనా మీరందరూ ఏకమయారు, సంతోషం" అన్నారు. అనుమతి రాలేదు.

ఆయన ఆ మాట వెటకారానికి అనలేదు. అందుకే అది మరీ గుచ్చుకుంది. ఐతే ఆ సాయంత్రం ఆ బృందంలో గిటారు వాయించే కుర్రవాడు నా దగ్గరికి వచ్చి అడిగిన ప్రశ్న అంతకంటె ఎక్కువ గుచ్చుకుంది. "సార్, మీరు ఒక్క పాటైనా విన్నారా?" నేను వినలేదు. చదవని పుస్తకం మీద సమీక్ష రాసేవాణ్ణి మనం ఏమంటామో నా విద్యార్థులకు నేనే ఎన్నోసార్లు చెప్పి ఉన్నాను. కుర్రవాడు దాన్ని గుర్తు చెయ్యలేదు. అది వాడి మర్యాద.

మొన్న ఫిబ్రవరిలో వాడే నన్ను హైదరాబాదులో ఒక చిన్న క్లబ్బుకు తీసుకుపోయాడు. దుకాణాల పై అంతస్తులో ఒక పొడుగాటి గది. నూటయాభై మంది చేరితే ఊపిరాడదు. టిక్కెట్టు ఐదువందలు. గుమ్మం దగ్గర వాడు నా చేతిలో రెండు స్పాంజి బిరడాలు పెట్టి, "చెవుల్లో పెట్టుకోండి సార్, లేకపోతే రేపు క్లాసులో మా మాటలు మీకు వినపడవు" అన్నాడు. ఉపాధ్యాయ వృత్తికి అది పెద్ద నష్టమేమీ కాదులే అనుకున్నాను గాని పైకి అనలేదు.

మొదటి పది నిమిషాలు నాకు వినిపించింది రొద. దాచటం దేనికి? ఆ ధ్వని చెవికంటె ముందు పక్కటెముకలకు తగులుతుంది. వచ్చిన దారినే పోదామా అని రెండుసార్లు తలుపు వైపు చూశాను. ఆ తరువాత, కొత్త ఊళ్ళో వీధులు ఒక్కొక్కటే గుర్తుపట్టినట్టు, ఆ రొదలో దారులు కనిపించసాగాయి. డ్రమ్ములు వాయించే మనిషి రెండు కాళ్ళతో రెండు పెడల్సు తొక్కుతూ, చేతులతో వేరొక లెక్క నడుపుతున్నాడు. గిటారు తీగలను మామూలు శ్రుతికంటె కిందికి దించి, ఆంప్లిఫయరు భరించగలిగినదానికంటె ఎక్కువ బలం దానిలోకి తోసి, స్వరం చిట్లిపోయేటట్టు చేస్తున్నారు. ఒకే పాటలో నడక నాలుగైదుసార్లు మారింది. మారిన ప్రతిసారీ నలుగురూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకేచోట ఆగి, ఒకేచోట అందుకున్నారు. తాగి తూలేవాళ్ళ పని ఇది అని నా మహజరులో రాశాను. తాగి తూలేవాడికి ఇందులో పదోవంతు కూడా చేతగాదు.

గాయకుడి గొంతు సంగతి. మనం మాట్లాడేటప్పుడు కంపించే స్వరతంత్రులకు పైన ఇంకొక జత మడతలు ఉంటాయి. వాటిని కదిలించి తీసే గర్జన అది. సాధన లేకుండా అనుకరించబోతే గొంతు పోతుంది. పాట ముగియగానే ఆ మనిషే, పోస్టాఫీసు కిటికీ వెనక గుమాస్తా మాట్లాడేంత మెత్తగా, "వెనక ఉన్నవాళ్ళు కాస్త ముందుకు రండి, జాగా ఉంది" అన్నాడు. నాకు నవ్వు వచ్చింది. ఇక మధ్యలో కుర్రవాళ్ళు గుండ్రంగా జాగా చేసుకొని భుజాలతో ఒకరినొకరు గుద్దుకుంటుంటే కొట్లాట అనుకున్నాను. ఒకడు కింద పడ్డాడు. వాడు నేలను తాకీ తాకకముందే నాలుగు చేతులు వాణ్ణి లేపాయి. ఇంకొకడి కళ్ళజోడు జారిపోతే పదిమంది ఆట ఆపి, వెతికి, దొరికినదాన్ని చెయ్యెత్తి పట్టుకున్నారు. మన సాహిత్య సభల్లో పడిపోయినవాణ్ణి ఎవరు లేపుతారో పాఠకులే జ్ఞాపకం చేసుకోవచ్చు.

ఇప్పుడు నా మహజరుకు వస్తాను. అందులో నా మొదటి ఆక్షేపణ, మాటలు అర్థం కావని. నిజమే, కావు. కాని పౌరాణిక నాటకంలో పద్యం ఎత్తుకున్న నటుడు చివరి అక్షరాన్ని పట్టుకొని ఐదు నిమిషాలు రాగం తీస్తే అందులో మాట ఎవరికి వినపడుతుంది? అయినా "వన్స్ మోర్" అని అరిచిన జనం మనవాళ్ళే. పద్యం వారికి ముందే తెలుసు. ఆ క్లబ్బులో కుర్రవాళ్ళకూ పాటలు ముందే తెలుసు. తెలియనివాణ్ణి నేను. నా తెలియనితనాన్ని వాళ్ళ నేరం కింద రాసిపెట్టాను.

రెండో ఆక్షేపణ, బీభత్సం. శవాలు, పుర్రెలు, కుళ్ళు. తెలుగు ఎం.ఎ. చదివిన నేను ఈ మాట రాయటం సిగ్గుచేటు. భరతుడు చెప్పిన ఎనిమిది రసాల్లో బీభత్సం ఒకటి, దానికి జుగుప్స స్థాయి అని ప్రతి సంవత్సరం పాఠం చెబుతాను. దుశ్శాసనుడి రొమ్ము చీల్చి భీముడు నెత్తురు తాగితే మనకు అది ఇతిహాసం. నిద్రలో ఉన్నవాళ్ళను అశ్వత్థామ వధించే సౌప్తిక పర్వం మనకు సాహిత్యం. తిక్కన రాస్తే రసం, బర్మింగ్‌హాములో అరిస్తే రోతా? బీభత్సం ఉందా లేదా అన్నది ప్రశ్నే కాదు. దాన్ని ఎవరి మీద ప్రయోగించారు, దేన్ని చూపటానికి ప్రయోగించారు అన్నది అసలు ప్రశ్న. ఆ ప్రశ్న అడగటానికి ముందుగా వినాలి.

మూడోది సామ్రాజ్యవాద సరుకు అన్న ఆరోపణ. దీని మీద కొంచెం ఎక్కువ చెప్పాలి; ఎందుకంటే మనవాళ్ళు దీన్నే బ్రహ్మాస్త్రం అనుకుంటారు.

ఈ సంగీతానికి తాత వంటిది హెవీ మెటల్. దానికి మొదటి రూపం ఇచ్చినవారిలో ముఖ్యులు ఇంగ్లండులో బర్మింగ్‌హాము నగరపు కార్మిక కుటుంబాల పిల్లలు. బ్లాక్ సబ్బాత్ బృందంలో గిటారు వాయించిన టోనీ అయోమీ పదిహేడేళ్ళ వయసులో రేకుల ఫాక్టరీలో పని చేసేవాడు. పని మానుకోబోతున్న ఆఖరి రోజున యంత్రం కింద పడి అతని కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం. తీగలు నొక్కవలసినవి ఆ వేళ్ళే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. నొప్పి తగ్గటానికి సన్నని తీగలు వేసుకున్నాడు, ఆ తరువాత శ్రుతి కూడా దించాడు. ఆ దిగిన శ్రుతే ఈనాటికీ ఈ సంగీతపు బరువు. ఫాక్టరీ ప్రమాదం ఇంత సూటిగా ఒక కళారూపంలోకి వచ్చిన ఉదాహరణ నాకు మరొకటి కనబడదు. శ్రమకూ కళకూ గల సంబంధం మీద పత్రాలు చదివే మనం ఈ కథ వినకుండానే తీర్పు చెప్పాం!

ఆ బర్మింగ్‌హాము పక్క పల్లెలోనే 1981లో నేపామ్ డెత్ అనే బృందం పుట్టింది. వారి మొదటి ఆల్బం "స్కమ్" 1987లో వచ్చింది. అందులో తొలి పాట పేరే "మల్టీనేషనల్ కార్పొరేషన్స్". 1990 నాటికి వాళ్ళు డెత్ మెటల్ వైపు తిరిగి, అమెరికాలో ఈ సంగీతానికి కార్ఖానా అనదగిన మోరిసౌండ్ స్టూడియోలో, ఫ్లోరిడా రాష్ట్రపు టాంపా నగరంలో, ఒక ఆల్బం చేశారు. ఆ ఫ్లోరిడాలోనే చక్ షుల్డినర్ అనే యువకుడు 1983లో మొదలుపెట్టిన బృందం తరువాత "డెత్" అనే పేరు పెట్టుకుంది. మొదట్లో రాసినవి నెత్తురు కథలే. 1988లో వచ్చిన "లెప్రసీ" ఆల్బం నాటికే కుష్ఠురోగిని వెలివేసే సమాజం గురించి, యంత్రాల మీద వేలాడే ప్రాణం గురించి రాస్తున్నాడు. 1999లో అతని మెదడులో కంతి బయటపడింది. చికిత్స ఖర్చులకు కుటుంబం అవస్థపడితే తోటి సంగీతకారులూ అభిమానులూ చందాలు పోగుచేశారు. 2001 డిసెంబరులో, ముప్ఫై నాలుగేళ్ళకు చనిపోయాడు. ప్రపంచంలోకెల్లా ధనిక దేశంలో వైద్యానికి చందాలెత్తవలసిన మనిషి చావు గురించి పాడితే అది క్షీణ సంస్కృతి అయిందా? క్షీణించింది ఏమిటో కాస్త నిదానంగా చూడాలి.

పైగా ఆ సామ్రాజ్యపు పాలకులే ఈ సరుకును ఎలా ఆదరించారో కూడా చూడండి. 1985లో ఇటువంటి సంగీతం మీద అమెరికా సెనేటు విచారణ జరిపింది. 1995లో సెనేటరు బాబ్ డోల్ హాలీవుడ్డును దుమ్మెత్తిపోస్తూ కానిబల్ కార్ప్స్ అనే డెత్ మెటల్ బృందాన్ని పేరుపెట్టి తిట్టాడు. మా మహజరు చదివి ఉంటే ఆయన కూడా సంతకం చేసేవాడు.

ఇంతవరకూ చదివి, ఈ ఉపన్యాసకుడు కుర్రకారుతో చేరి చెడిపోయాడని మిత్రులు అనుకోవచ్చు. తొందరపడవద్దు. నా పేచీ వినకపోవటంతోనే. విన్న తరువాత తప్పు పట్టవద్దని నేననటం లేదు, పడుతున్నాను కూడా. ఇప్పుడు చెప్పిన కానిబల్ కార్ప్స్ పాటల్లో స్త్రీ శరీరాన్ని ముక్కలు చెయ్యటం ఒక వినోదం. "అది భయానక కథ, కల్పన" అని అభిమానులు సమర్థిస్తారు. కల్పనలో కూడా తరచుగా కత్తి కింద ఉండేది ఆడదే ఎందుకైందో వారు చెప్పాలి.  ఇది మనం అడగవలసిన ప్రశ్న. ఆ గదిలో నూరుమందికి పైగా ఉంటే ఆడపిల్లలు నేను లెక్కపెట్టినంతలో తొమ్మిదిమంది. గిటారు, ఆంప్లిఫయరు, ఐదువందల టిక్కెట్టు భరించగలిగిన ఇళ్ళు ఎవరివో వేరే చెప్పనక్కర లేదు. మా కుర్రవాడిది ఆ బాపతు ఇల్లు కాదు. వాడి గిటారు అరువుది. పాటలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. హైదరాబాదులో ఇటువంటి సంగీతం లేకపోలేదు. గాడ్‌లెస్ అనే బృందం 2021లో ఒక పూర్తి ఆల్బం తెచ్చింది, అదీ ఇంగ్లీషే. కోపం వచ్చినప్పుడు ఈ పిల్లలు తెలుగులోనో దక్కనీలోనో తిట్టుకుంటారు. పాడేటప్పుడు మాత్రం ఇంగ్లీషు ఎందుకు?

ఇక రెండో పక్షం మిత్రులు కూడా ఉన్నారు. పెద్ద శబ్దం చేసిందల్లా తిరుగుబాటు అని మురిసిపోయే వాళ్ళు. వారు ఇండొనేషియా సంగతి వినాలి. 2014లో ఆ దేశానికి అధ్యక్షుడైన జోకో విడోడో మెటల్ అభిమాని. నేపామ్ డెత్ అంటే ప్రత్యేకించి ఇష్టం. మాదకద్రవ్యాల కేసులో మరణశిక్ష పడ్డ ఇద్దరు ఆస్ట్రేలియా యువకులను క్షమించమని 2015లో ఆ బృందపు గాయకుడు బార్నీ గ్రీన్‌వే స్వయంగా ఆయనకు విజ్ఞప్తి పంపాడు. ఏప్రిల్ నెలలో ఆ ఇద్దరినీ మరి ఆరుగురినీ వరసగా నిలబెట్టి కాల్చి చంపారు. అధ్యక్షుడి ఇష్టమైన సంగీతం తుపాకి గురిని అంగుళం కూడా పక్కకు తిప్పలేదు. సంగీతం మనిషి పని మనిషికి బదులు చెయ్యదు.

ఇంకొక సరదా కూడా నాకు నచ్చదు. దీన్ని మన డప్పుతోనో పోతరాజు ఆటతోనో పోల్చి, దీనికొక వంశవృక్షం కట్టి, మన కులంలో కలుపుకోవటం. బర్మింగ్‌హాము ఫాక్టరీ బర్మింగ్‌హాములోనే ఉండనివ్వండి. కాని తెలుగు సాహిత్యం నుంచి ఒక సంగతి మాత్రం గుర్తు చెయ్యకుండా ఉండలేను. 1965లో దిగంబర కవులు తమ మొదటి సంపుటిని అర్ధరాత్రి వేళ, హైదరాబాదు వీధిలో, ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. అప్పుడు ముక్కు మూసుకున్నవాళ్ళలో సంప్రదాయవాదులతో పాటు అభ్యుదయవాదులూ ఉన్నారు. "బూతు", "అరుపులు", "కవిత్వమా ఇది?" ఐదేళ్ళు దాటగానే ఆ కవుల్లో కొందరు విప్లవ రచయితల సంఘంలో ఉన్నారు. దిగంబర కవుల్లో లోపాలు లేవా? ఉన్నాయి, స్త్రీల విషయంలో మరీనూ. ఆ లోపాలను సరిగా పట్టుకోగలిగినవాళ్ళు మాత్రం ముక్కు మీద నుంచి చెయ్యి తీసి చదివినవాళ్ళే.

ఆ రాత్రి ఆఖరి బస్సు తప్పిపోయింది. కుర్రవాడూ నేనూ ఒక ఇరానీ హోటలు మూసేవరకూ కూర్చున్నాం. తెలుగులో పాట రాయమని వాణ్ణి అడిగాను. "రాశాను సార్, ఒత్తులు ఈ గొంతులో పలకటం లేదు" అన్నాడు. ఏ ఒత్తులని అడిగితే కాగితం తీశాడు. అది వాళ్ళ నాన్న పనిచేసిన క్వారీ మీద పాట. మహాప్రాణాలున్న సంస్కృత పదాలు చాలా ఇరికించాడు, నా పాఠాల ప్రభావం కాబోలు. కొన్ని కొట్టేసి, క్వారీలో పనివాళ్ళు వాడే మాటలు వేసుకోమన్నాను. రెండు గంటలదాకా ఆ పనే చేశాం.

ఈ సంవత్సరం వార్షికోత్సవానికి ఆ నలుగురూ మళ్ళీ దరఖాస్తు పెట్టారు. పెద్దల మహజరు కూడా మళ్ళీ వచ్చింది, తేదీ మాత్రం మార్చి. మన అధ్యాపక మిత్రులు పాత కాగితం మీదే మళ్ళీ సంతకాలు చేద్దామంటున్నారు. నా సంతకం తీసివేయమని ప్రిన్సిపాలుగారికి ఉత్తరం రాసి ఇచ్చాను. దానికి క్వారీ పాట ప్రతి ఒకటి జత చేశాను. వచ్చే నెల సమావేశంలో ఈ విషయం చర్చకు వస్తుంది. వచ్చేవాళ్ళు అంతకుముందు ఒక అరగంట ఆ కుర్రవాళ్ళు సాధన చేసే గదికి రావాలని నా మనవి. బిరడాలు నేను తెస్తాను.