కూల్చే ముందు రేకుని పరీక్ష చెయ్యాలి



మన పాత వంటశాల రేకుల షెడ్డు దసరా సెలవుల్లో కూల్చేస్తారట. కొత్తది కడతారంటే అందరికీ సంతోషమే. వానొస్తే పప్పులో నీళ్ళు కారే బాధ తప్పుద్ది. కానీ కూల్చే ముందు ఆ సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉందో లేదో పరీక్ష చేయించాలని నా అభిప్రాయం.

ఆస్బెస్టాస్ అంటే రాతినార. భూమిలో దొరికే రాయే, కానీ నారలాగ పోగులు పోగులుగా విడిపోద్ది. మన రాష్ట్రంలో పులివెందుల దగ్గర కూడా దీని గనులు ఉండేవి. నిప్పుకి కాలదు, గట్టిగా ఉంటది, అందుకే సిమెంటులో కలిపి రేకులు చేస్తారు. రేకు విరిగినా, కోసినా, అరగదీసినా కంటికి కనపడని పోగులు గాలిలోకి లేస్తాయి. ఊపిరితో లోపలికి పోతే చాలా ఏళ్ళు అక్కడే ఉండిపోతాయి. ఏ రకం ఆస్బెస్టాస్ వల్లయినా కేన్సర్ రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది.

సైన్సు టీచరు గారు ఇది చెప్పినప్పుడు నాకు మన తొక్కుడుబిళ్ళ గుర్తొచ్చింది. మన బిళ్ళ ఏటితో చేస్తాం? విరిగిన రేకు ముక్కతోనే కదా! గుండ్రంగా రావాలని రాయి మీద అరగదీసి, ఆ పొడి ఉఫ్ మని ఊదుతాం. నేనూ ఊదాను. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను మన కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. గాలివాన వచ్చినప్పుడల్లా రేకులు విరుగుతాయి, ఆ ముక్కలు మన ఆటకి వస్తాయి.

కొందరు అక్కలు "ఇన్నాళ్ళూ ఎవరికీ ఏమీ కాలేదు కదా" అన్నారు. ఈ జబ్బు వెంటనే రాదు, 20, 30, 40 ఏళ్ళకి బయటపడొచ్చు. అందుకే 1995లో సుప్రీంకోర్టు, ఆస్బెస్టాస్ పనివాళ్ళ ఆరోగ్యం రికార్డులు కనీసం 40 ఏళ్ళు ఉంచాలని తీర్పు ఇచ్చింది. నాకిప్పుడు 14. నలభై కలిపితే 54. మా అమ్మమ్మ వయసు. అప్పుడు దగ్గొస్తే తొక్కుడుబిళ్ళ ఎవరికి గుర్తుంటది?

ఇంకో మాట. షెడ్డు కూల్చేది ఎవరు? మన నాన్నల్లాంటి కూలీలే. మాది కొండ మీద సవర ఊరు. పోడు పని లేనప్పుడు మా నాన్న పాత ఇళ్ళు పడగొట్టే పనికి పోతాడు. తల, కనురెప్పలు తెల్లగా అయిపోయి వస్తాడు. ఆ తువ్వాలు దులిపేది నేనే. ఆ దుమ్ములో ఏముందో ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేను చెప్తే "గడ్డి ఇంటికంటే రేకుల ఇల్లే నయం, వాన ఆగుద్ది" అన్నాడు. అదీ నిజమే. అందుకే రేకుల ఇళ్ళన్నీ ఇప్పుడే పీకెయ్యమని నేను అనటం లేదు. విరగని రేకుని కదపకుండా ఉంచితే ప్రమాదం తక్కువ. పగలగొట్టేటప్పుడే ఎక్కువ.

అమెరికాలో బడిలాంటి కట్టడం కూల్చాలంటే ముందు ఆస్బెస్టాస్ ఉందేమో చూడాలని చట్టం ఉంది. మన దగ్గర కూడా కూల్చడానికి అనుమతి కాగితం ఇచ్చేటప్పుడే "రేకులు పరీక్ష చేశారా?" అని ఒక ప్రశ్న ఉండాలి. రేకుని చూసి చెప్పలేం. చిన్న ముక్కని తడిపి తీసి, సంచిలో కట్టి ప్రయోగశాలకి పంపితే సూక్ష్మదర్శినిలో చూసి చెప్తారు.

పరీక్షకి డబ్బు లేదంటే, ఉందనే అనుకుని పని చెయ్యాలి. రేకుల్ని నీళ్ళతో తడపాలి. సుత్తితో కొట్టకుండా మేకులు విప్పి, నిండు రేకుగా దించాలి. పొడి చీపురుతో ఊడవకూడదు. ముక్కలు దారి గుంటల్లో పోయకుండా, ప్లాస్టిక్ పట్టాలో చుట్టి అధికారులు చెప్పిన చోటికి పంపాలి. కూలీలకి మంచి మాస్కులు ఇవ్వాలి, మామూలు గుడ్డ ఆ పోగుల్ని ఆపదు. శ్రమదానం అని పిల్లల చేత మొయ్యించకూడదు.

వార్డెన్ గారూ, సెలవుల లోపలే పై ఆఫీసుకి ఒక ఉత్తరం రాయండి. మేమందరం సంతకాలు చేస్తాం. చెల్లెళ్ళూ, మీరు రేపటి నుంచి పెంకు ముక్కతో ఆడండి. నా బిళ్ళ నేను పారేశాను.

— 9వ తరగతి విద్యార్థిని