ఎర పెట్టేవాడు చేను కాపలాదారుడు కాడు

జింకలు, అడవిపందులు మేసిన చేల నష్టం మనకు తెలియనిది కాదు. మంచె మీద రాత్రంతా డబ్బా కొట్టేది మనమే. కానీ చేను కాసేవాడు జంతువును తరుముతాడు. ఉప్పు చల్లి, పిండిముద్దలో నాటుబాంబు చుట్టి పెట్టేవాడు దాన్ని పిలుస్తాడు. ఈ మాంసం బేరగాళ్లు "రైతు బాధ" అని మన పేరు వాడుకుంటే ఊరుకోం.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎర పెట్టడాన్నే వేట అంటుంది. జంతువు చావనక్కర్లేదు, ప్రయత్నం చాలు. బాంబు కొరికి దవడ పగిలేది మన ఆవుకు కూడా. అనుమానం ముందు వచ్చేది ఆ చేను పట్టాదారు మీదే!

పంట నష్టపరిహారానికి, సోలార్ కంచె సబ్సిడీకి సర్కారుతో కొట్లాడదాం. గట్టు మీద ఎర కనబడితే మాత్రం, పెట్టింది మన ఊరివాడైనా సరే, దాచిపెట్టేది లేదు.