తెరమీది ఇంటికీ పేరంటాళ్ళు కావాలి

"లేని ఇంటికి తోరణాలేమిటే? పనీపాటా లేకపోతే సరి!" డిసెంబరు వచ్చిందంటే, కంప్యూటర్ తెరమీద ఇల్లు అలంకరించుకునే ఆడపిల్లలు వినాల్సివచ్చే మాట ఇది. అనేవాళ్ళలో మగవాళ్ళే కాదు, తల్లులూ అత్తలూ కూడా ఉన్నారు. మగవాడు రోజంతా క్రికెట్ చూస్తే అది కాలక్షేపం. ఆడపిల్ల ఓ గంట తెరమీది ఇంటికి దీపాలు పెట్టుకుంటే మాత్రం కాలం వృథా! ఈ తూకం నాకు సబబుగా తోచదు.

అసలు వాళ్ళు చేసేదేమిటో చూద్దాం. 2020 మార్చిలో, లోకమంతా తలుపులు మూసుకున్న రోజుల్లో, జపాన్‌కి చెందిన నింటెండో సంస్థ 'యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్' అనే ఆటని విడుదల చేసింది. ఆడేవాళ్ళకి ఒక దీవి, అందులో ఒక ఇల్లు. అక్కడి క్యాలెండరూ మన క్యాలెండరే. డిసెంబరు 15 నుంచి జనవరి 6 దాకా అక్కడి దేవదారు చెట్లు దీపాలతో మెరుస్తాయి. చెట్టుని కుదిపితే ఎరుపు, నీలం, బంగారు రంగుల అలంకరణ బంతులు రాలతాయి. అవి ఏరుకొచ్చి తలుపుకి కట్టే దండా, దీపాల చెట్టూ తయారుచేసుకోవాలి. 24వ తేదీన జింగిల్ అనే రెయిన్‌డీర్ వస్తుంది. దానికి సాయంగా ఇరుగుపొరుగు జంతువులకి కానుకలు పంచిపెట్టాలి.

ఇది వింటే మీకేం గుర్తొస్తోంది? నాకైతే సంక్రాంతి బొమ్మల కొలువే. అదీ లేని ఊరే కదా! అద్దం ముక్క చెరువవుతుంది. మట్టిలో మొలకెత్తించిన ఆవాలు పొలమవుతాయి. కొండపల్లి బొమ్మలు ఆ ఊరి జనం. దాన్ని సంప్రదాయం అని మెచ్చుకుంటాం, దీన్ని పిచ్చి అంటాం.

ఇందులో నేర్పూ తక్కువేం కాదు. 2003లో అమెరికాలో మొదలైన 'సెకండ్ లైఫ్' అనే మరో ఊహాలోకం ఉంది. అక్కడ 1024 చదరపు మీటర్ల స్థలానికి మామూలుగా 351 పాయింట్ల సామానే పడుతుంది. ప్రతి వస్తువుకీ కొన్ని పాయింట్లుంటాయి. క్రిస్మస్ చెట్టు, మంచుబొమ్మ, దీపాల వరసా పెట్టాలంటే ఉన్న సోఫాలూ బల్లలూ కొన్ని తీసెయ్యాలి. కొలువు కోసం గదిలో మంచం అవతలికి జరపడం లాంటిదే. ఆ అలంకరణ సామాను స్వయంగా తయారుచేసి, అక్కడి లిండెన్ డాలర్లకి అమ్మి, వాటిని అసలు డాలర్లుగా మార్చుకునేవాళ్ళూ ఉన్నారు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి. ఎంతమంది ఆడవాళ్ళకి తన ఇంట్లో గోడ రంగు తానే ఎంచుకునే అవకాశం ఉందంటారు? అద్దె ఇంట్లో మేకు కొట్టాలంటే ఓనరు ఒప్పుకోవాలి. సొంతింట్లో కర్టెన్ మార్చాలంటే పదిమంది సలహాలు వినాలి. పరదేశంలో ఇరుకు గదిలో ఉన్న పిల్లకైతే చెట్టు పెట్టుకోవడానికి చోటే ఉండదు. తెరమీది ఇంట్లో మాత్రం "ఇప్పుడిదంతా ఎందుకు?" అని అడిగేవాళ్ళు లేరు. ఆ సంతోషాన్ని వెక్కిరించే ముందు, అది ఆమెకి ఇంట్లో ఎందుకు దొరకడంలేదో ఆలోచించాలి.

అలాగని పర్సు తెరిచి కూర్చోమనను. కొలువు బొమ్మలు అమ్మమ్మ దగ్గర్నుంచి అమ్మకీ, అమ్మ దగ్గర్నుంచి మనకీ వస్తాయి. తెరమీది సామాను అలా కాదు. సెకండ్ లైఫ్‌లో అమ్మే వస్తువుల్లో చాలావాటిని కొన్నవాళ్ళు మరొకరికి ఇవ్వడానికి వీల్లేదు. 2009లో వచ్చిన 'ఫార్మ్‌విల్' గుర్తుందిగా? మన ఇళ్ళల్లోనూ ఫేస్‌బుక్ తెరిచి పొలాలు దున్నినవాళ్ళున్నారు. 2020 డిసెంబరు 31న ఆ ఆట మూసేశారు. దాంతోపాటే ఏళ్ళ తరబడి తీర్చిదిద్దుకున్న పొలాలూ, ముంగిళ్ళూ పోయాయి. కాబట్టి సినిమా టిక్కెట్టు కొన్నట్టే అక్కడ ఖర్చు పెట్టాలి గానీ, నగ కొన్నట్టు కాదు. పండగకి ఇంత అని ముందే గీత గీసుకోవడం మంచిది.

ఇంకో మాట. కొలువుకి అందం బొమ్మల వల్ల సగమే. మిగతా సగం బొట్టుపెట్టి పిలిస్తే వచ్చే పేరంటాళ్ళ వల్ల. యానిమల్ క్రాసింగ్ దీవిలో కూడా ఒకేసారి ఎనిమిదిమంది దాకా కలుసుకోవచ్చు. ఒకరు హైదరాబాదులో, ఒకరు డల్లాస్‌లో ఉన్న స్నేహితురాళ్ళు అలా ఒక్క ముంగిట్లో చేరగలిగితే అది పేరంటం కాక మరేమిటి? ఎవరినీ పిలవకుండా, ఒంటరిగా అర్ధరాత్రి దాకా అలంకరిస్తూ కూర్చుంటేనే నాకు బెంగ.

అందుకే తల్లులకి నాదొక సలహా. ఈసారి అమ్మాయి "మా ఇంటికి మంచు కురిసిందమ్మా" అంటే నవ్వెయ్యకండి. "ఏదీ, చూపించవే" అనండి. ఏ మూల ఏం పెట్టిందో, ఎందుకు పెట్టిందో అడగండి. సంక్రాంతికి మీ కొలువు తనకి ఫోన్లో చూపించి, పొలం ఎలా మొలకెత్తించారో చెప్పండి. రెండిళ్ళకీ పేరంటం దక్కుతుంది. మీరేమంటారు?