ముందు పలకా, పైకప్పా?

మా హాస్టల్ డాబా మీద ఏప్రిల్ మధ్యాహ్నం చెప్పుల్లేకుండా నడిచినవాళ్ళకు స్లాబు వేడి అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. రాత్రి పదింటికి కూడా ఆ వేడి దిగదు. పరీక్షల రోజుల్లో చాపలు చంకన పెట్టుకుని వరండాలోకి వచ్చేది అందుకే.

ఇప్పుడు ఎక్కడ విన్నా ‘గ్రీన్ బిల్డింగ్’ మాటే. ఇందులో మన హైదరాబాదుకు పెద్ద పేరుంది. అక్కడి సి.ఐ.ఐ. సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ 2003లో అమెరికా వారి లీడ్ పద్ధతిలో 69 పాయింట్లకు 56 తెచ్చుకుని ప్లాటినం రేటింగు పొందింది. అమెరికా బయట ఆ రేటింగు అందుకున్న మొదటి భవనం అదే. కప్పు మీద మొక్కలు, జాలీ గోడలు, వాడిన నీటిని మొక్కల వేళ్ళతో శుభ్రపరిచే ఏర్పాటు అన్నీ మెచ్చుకోదగ్గవే.

మా పేచీ పాయింట్లతో. అప్పటి లీడ్ లెక్కలో సైకిళ్ళు పెట్టుకునే చోటు, బట్టలు మార్చుకునే గది కడితే ఒక పాయింటు. మురుగునీటి శుద్ధికి కొత్త పద్ధతి పెట్టినా ఒక పాయింటే. మార్కుల కోసం చదివే మాకు ఈ కిటుకు తెలియనిదా? సులువైన ప్రశ్నలే ముందు రాస్తాం! పైగా ఫీజులు, సలహాదారులు, కాగితాలు. పెద్ద కంపెనీకి అదొక ఖర్చే కాదు. హాస్టల్ బడ్జెట్టులో ఆ సొమ్ముతో కిటికీలకు తలుపులు వస్తాయి.

“ఏసీ ఎరుగం, బకెట్టు నీళ్ళతో స్నానం, అసలు గ్రీన్ మేమే” అని మాలో మేం నవ్వుకుంటాం. కానీ ఆ మాట మాకే నచ్చదు. గదికంతా ఒకే ఫ్యాను ఉండటం పొదుపు కాదు, లేమి.

అలాగని సర్టిఫికెట్టు వద్దనం. బయటివాళ్ళు తనిఖీ చేస్తారన్న భయం లేకపోతే ప్లానులోని ఇంకుడు గుంత ప్లానులోనే ఉండిపోతుంది. అయితే కొత్త భవనాలకు ఆ రేటింగు ఇచ్చింది కట్టడం కాగితాలు చూసి, జనం చేరాక వచ్చిన కరెంటు బిల్లు చూసి కాదు. అక్కడే మాకు నమ్మకం చాలదు.

ఎండను తిప్పికొట్టే కప్పుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. మా డాబాకూ తెల్ల పూత వేయిస్తే చాలు, గోడకు పలక తరువాత సంగతి. నెలనెలా మీటరు రీడింగు రాసిపెట్టే పూచీ మాది. వార్షికోత్సవానికి వచ్చే అన్నల్లో ఇంజినీర్లున్నారు. భోజనాలకు ముందు ఒకసారి డాబా ఎక్కి, ఎంత సున్నం పడుతుందో లెక్క కట్టి వెళ్ళమని కోరుతున్నాం.