వేలా... పిక్కా?

బేస్ గిటార్ చేతికొచ్చిన మొదటివారంలోనే పిల్లలకు ఎదురయ్యే ప్రశ్న ఇది. తీగల్ని వేళ్లతో మీటాలా, పిక్‌తోనా? ‘వేళ్లతో వాయించేవాడే అసలైన బేసిస్టు, పిక్ అడ్డదారి’ అని ఎవరో ఒకరు అనేస్తారు. దాంతో సగం ఉత్సాహం చచ్చిపోతుంది. ఇంతకీ ఆ చిన్న ప్లాస్టిక్ ముక్క చేసిన నేరమేంటి?

తేడా ఉన్నమాట నిజమే. వేలికొస మెత్తన. అందుకే స్వరం గుండ్రంగా, నిండుగా పలుకుతుంది. పిక్ అంచు గట్టిది. ‘టక్’మని తగిలి ప్రతి స్వరాన్నీ విడివిడిగా వినిపిస్తుంది. డ్రమ్ములూ గిటార్లూ హోరెత్తే పాటలో బేస్ మరుగున పడకుండా కాపాడేది ఆ టక్కే.

మోటౌన్ పాటలకు ప్రాణం పోసిన జేమ్స్ జేమర్సన్ చూపుడువేలు ఒక్కదాంతోనే మీటేవాడు. ఆ వేలికి ‘ద హుక్’... అంటే కొక్కెం అని ముద్దుపేరు! ఆ రోజుల్లోనే లాస్ ఏంజెలిస్‌లో క్యారల్ కే పిక్ పట్టింది. 1963లో ఓ రికార్డింగుకు బేసిస్టు రాకపోతే ఆ వాద్యం అందుకున్న గిటారిస్టు ఆమె. బీచ్ బాయ్స్ ‘పెట్ సౌండ్స్’(1966)లోనూ ఆమె బేస్ వినిపిస్తుంది. ఆయన డబుల్ బేస్ నుంచి వచ్చాడు, ఈమె గిటార్ నుంచి. ఎవరి చేతివాటం వాళ్లది. ఇద్దరిలో ఎవరిది తప్పంటాం?

అందుకే మీ పిల్లల్ని ఒకే పాటను రెండు రకాలుగా వాయించి, ఫోన్లో రికార్డు చేయమనండి. ఏది ఏదో చెప్పకుండా ఇంటిల్లిపాదీ వినండి. ఆ పాటకు ఏది నప్పుతుందో చెవులే చెబుతాయి. వేలైనా, పిక్కైనా మోగకూడని తీగను ఆపడం మాత్రం నేర్చుకోవాల్సిందే!